వెనక సీట్లో నిద్ర

పాకాలలో ధనంజయ నాయుడు కారు కొన్నాడంటే ఊరంతా చూడాలి. చూడకపోతే పిలిచి మరీ చూపిస్తాడు. యుద్ధం ముగిసి రెండేళ్లయింది. ఒకరు వాడి వదిలేసిన బండికి అంత మిడిసిపాటు దేనికో ఆయన భార్య తిరుమలమ్మకు అంతుబట్టలేదు. మొగుడి గొప్పలు విని విని ఆమెకు విసుగు పోయి ఏవగింపు పట్టుకుంది.

కారు అమ్మిన చిత్తూరు శాంతయ్యదీ అదే బాపతు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బండి వెనక బొగ్గు కాల్చి ఆ గ్యాసుతో నడిపే పీపా తగిలించారనీ, ఇప్పుడది పీకేశామనీ చెప్పాడు. "వెనక సీట్లో కూర్చుంటే సాలప్పా, ఉయ్యాల తొట్టిలో ఏసినట్టు నిద్రొస్తాది," అన్నాడు. అంత ఉక్కలోనూ ఆయన కూతురు తలకు గుడ్డ బిగించి కట్టుకుని వాకిట్లో నిలబడింది. కారు వైపు మాత్రం చూడలేదు. తిరుమలమ్మ అది గమనించింది గాని, నాయుడు అప్పటికే హారను మోగిస్తున్నాడు.

కొడుకు మునిరత్నానికి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల కొండకు బయలుదేరారు. ముందు డ్రైవరు చెంగయ్య, పక్కన నాయుడు. వెనక తిరుమలమ్మ, ఒడిలో బిడ్డ, పక్కన అత్త నాగులమ్మ. చంద్రగిరి చేరకముందే వాన పట్టుకుంది. అద్దాలు ఎక్కించారు. మధ్యాహ్నమే అయినా లోపల చీకటి పట్టింది. తడి తోలు వాసన మీదికి మెల్లగా ఇంకో వాసన వచ్చింది, ఇస్త్రీపెట్టె తెరిచినప్పుడు వచ్చే బొగ్గు వాసన.

అత్త నిద్రపోయింది. బిడ్డా నిద్రపోయాడు.

"సూసినావా, ఎట్ట పడుకున్నారో. రాజుల బండి," అన్నాడు నాయుడు వెనక్కి తిరగకుండానే.

తిరుమలమ్మ మూతి తిప్పబోయింది. తిప్పలేకపోయింది. ఒళ్లంతా బరువు...

తప్... తప్... తప్...

ఎవరో బిడ్డను జోకొడుతున్నారు. అత్తేలే అనుకుంది. కష్టం మీద కళ్లు తిప్పి చూసింది. అత్త రెండు చేతులూ ఆమె ఒడిలోని బట్టల మూటమీద ఉన్నాయి. తన చేతులు బిడ్డ నడుము చుట్టూ ఉన్నాయి.

తప్... తప్...

బిడ్డ రొమ్ము కదలడం లేదు.

మోచేయి తలుపు పిడిమీద పడేసింది. తలుపు తెరుచుకుంది. చెంగయ్య బండి ఆపేలోగా ఆమె బిడ్డతో సహా బురదలో పడింది. ముఖం మీద వాన కొట్టాక బిడ్డ ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. చల్లగాలికి అత్త కూడా కళ్లు తెరిచింది.

నాయుడు సీటు తడిసిందని గొణిగాడు.

చెంగయ్య ఆమె దగ్గరకు వచ్చి గుసగుసగా అన్నాడు. "శాంతయ్యకు ముందు ఈ బండి వుండినోళ్ల ఆడమనిషి, బిడ్డ... ఇట్టనే వానలో అద్దాలేసుకోని నిద్రపోయినారంటమ్మా. మళ్లీ లెయ్యలేదంట."

"ముందే యాల చెప్పలేదు?"

"నాయుడయ్యకు చెప్పినా. మీకు చెప్పొద్దన్నాడు."

ఆమె మొగుడి ముఖం వైపు చూసి, పక్కకు తిరిగి ఉమ్మేసింది. అత్తనూ బిడ్డనూ తీసుకుని దారిన పోయే జట్కా ఎక్కింది.

కొండమీద క్షౌరం చేసే మనిషి సగంలో కత్తి ఆపాడు. వెంట్రుకల కింద, చర్మం మీద, మసి వేలిముద్రలు. నీళ్లు పోసి రుద్దినా పోలేదు. శాంతయ్య కూతురి తలగుడ్డ అప్పుడు గుర్తొచ్చింది తిరుమలమ్మకు.

మరుసటి నెలలో నాయుడుపేట నుంచి వెంకటముని అనే ఆయన భార్యను వెంటబెట్టుకుని, నాయుడు అమ్మకానికి పెట్టిన కారు చూడటానికి వచ్చాడు. నాయుడు ముందుగానే కొడుకు తలకు గుడ్డ చుట్టాడు. "తొట్టిలో ఏసినట్టు నిద్రొస్తాదప్పా," అన్నాడు. ఆ మాటైనా సొంతంగా పుట్టలేదు ఆ మనిషికి.

తిరుమలమ్మ వచ్చి గుడ్డ విప్పింది. బిడ్డ తలను వెంకటముని భార్య వైపు తిప్పింది. "ఈ బండిలో నిద్రపోయినాడు మా బిడ్డ. సూడమ్మా," అంది.

వాళ్లు మజ్జిగ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. మొగుడి ముఖం వేలాడిపోవడం చూసి ఆమెకు కడుపు చల్లబడింది.

కారు మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం బిడ్డను వసారాలో పడుకోబెట్టి, ఆమె నీళ్లు తోడుకుని వచ్చింది. వాన లేదు. గాలి లేదు. తాళం వేసిన కొట్టంలోంచి మెల్లగా...

తప్... తప్... తప్...

వసారాలో మునిరత్నం ఒక్కో తట్టుకు ఒక్కో ఊపిరి తీస్తున్నాడు. ఆమె బిందె వదిలేసి పరుగెత్తింది.

కొట్టంలో చప్పుడు ఆగింది.