నీళ్లు చల్లిన బల్ల

గోదావరికి పెద్ద వరద వచ్చి భద్రాచలం మునిగిన ఏడాది నుంచి లెక్కపెడితే, ఈ సంగతి జరిగింది మూడో ఏడు. ఓంకార్ మస్కట్‌కు వచ్చి రెండేళ్లయింది. మొదట సైట్‌లో ఇటుకలు మోశాడు. నడుము పట్టేసింది. దాంతో కంపెనీ వాళ్లు అతన్ని అల్ ఖువైర్‌లో ఒక క్లబ్బుకు పంపారు. అక్కడ ఒకే ఒక స్నూకర్ బల్ల. బంతులు పేర్చడం, ఆకుపచ్చ గుడ్డకు బ్రష్ కొట్టడం, పాయింట్ల బోర్డు తిప్పడం, అదీ డ్యూటీ.

ఆ ఏడు క్లబ్బులో మొదటిసారి ఆడవాళ్లకు ఛాంపియన్‌షిప్ పెట్టారు. పేర్లు రాసుకునే సాయంత్రం ఒక నర్సు తెల్ల యూనిఫామ్‌లో తలుపు తోసుకొని వచ్చింది. ఓంకార్ బ్రష్ పక్కన పెట్టి ఎదురు వెళ్లాడు.

“ఎవలకు బాగలేదు?”

“అందరు మంచిగనే ఉన్నరు. నీ ముఖమే తెల్లబోయింది. పేరు రాసుకో, శ్రీవాణి.”

“మీరు ఆడుతరా?”

“లేకుంటే నీకు సూది ఇయ్యనొచ్చిన్నా?”

గోడకున్న కర్రల్లోంచి ఒకటి తీసి, ఒక కన్ను మూసి చూసి, వంకరగా ఉందని మళ్లీ పెట్టేసింది. ఇంకొకటి తీసింది. వంగి ఎర్ర బంతిని కొట్టింది. బంతి పరుగెత్తలేదు. నిద్రొస్తున్న పిల్లలా మెల్లగా నడిచి, మూల గుంటలో పడుకుంది.

ఓంకార్ తెరిచిన నోరు మూయలేదు.

“మా నాయన గోదావరిఖనిల ఆఫీసర్ల క్లబ్బుల మార్కర్, నీ లెక్కనే పాయింట్లు తిప్పేటోడు,” అంది శ్రీవాణి. “ఆఫీసర్లు రాకముందు బల్ల నాదే. ఇగ నోరు మూస్కో, ఈగలున్నయి.”

ఆ తర్వాత ఆమె ఆట ఉన్న ప్రతి శుక్రవారం ఓంకార్ చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. ఆమె ఒక్కో ఆటా గెలుస్తూ ఫైనల్ దాకా వచ్చింది. అతను “మీరు” నుంచి “నువ్వు” దాకా వచ్చాడు.

ఫైనల్‌కు వారం ముందు ఆమె కర్రకు సుద్ద రుద్దుతూ, “నన్ను సలాలాకు మార్చిన్రు. ఫైనల్ తెల్లారే బస్సు,” అంది.

సలాలా అంటే ఎడారికి అవతల ఒడ్డు. బస్సులో ఒక పగలంతా పడుతుంది. అక్కడే ఉన్న క్లబ్బు సెక్రటరీ ఖమరుద్దీన్ సాబ్ విన్నాడు. ఆయనది హైదరాబాద్.

“గెలువు బేటీ. మీ దవాఖాన డైరెక్టర్ నా దోస్తు. కప్పు గెల్చిన పిల్లను మస్కట్ నుంచి పోనిస్తమా?”

ఓంకార్‌కు ఇక ఒకటే కోరిక. ఆమె గెలవాలి. అంతే.

ఫైనల్ రోజు పొద్దున ఖమరుద్దీన్ సాబ్ అన్నాడు, “ఓంకార్, ఈయాల టేబుల్‌కు ఇస్త్రీ కొట్టాలె. వస్తదా?”

“ఇస్త్రీనా సాబ్? అది మా ఇంటి పని.”

నిజమే. ధర్మపురిలో వాళ్ల తాతదీ, నాయనదీ ఇస్త్రీ బండి. రూమ్ నుంచి తన ఇస్త్రీ పెట్టె తెచ్చుకున్నాడు. ఏ బట్టకైనా నీళ్లు చల్లకుండా పెట్టె ఆనించడం వాళ్లింట్లో ఎరగరు. గిన్నెలో నీళ్లు పోసి, చేత్తో బల్లంతా చల్లాడు. ఆమె కోసం కదా, మరో రెండు దోసిళ్లు ఎక్కువే చల్లాడు. తళతళలాడేలా పెట్టె రుద్ది, దుమ్ము పడకుండా వెంటనే దుప్పటి కప్పాడు.

నాలుగు గంటలకు ఆట మొదలైంది. అవతల షీబా, బ్యాంకు ఆఫీసరు భార్య, గట్టిగా కొట్టే మనిషి. మూడు ఆటలు ఎవరు ముందు గెలిస్తే కప్పు వాళ్లది.

శ్రీవాణి మొదటి బంతిని మెల్లగా కొట్టింది. అది గుంట అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. రెండోదీ అంతే. జనం గుసగుసలాడారు. ఆమె బల్ల మీద అరచెయ్యి ఆనించింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నేరుగా ఓంకార్‌ను చూసింది.

ఓంకార్ మురిసిపోయి నవ్వాడు. ఆమె నవ్వలేదు. మెల్లగా వచ్చి చెవి దగ్గర అడిగింది.

“ఉన్ని గుడ్డ మీద నీళ్లు చల్లినవా?”

“చల్లకుంటే ఇస్త్రీ ఎట్లయితది?”

“దీనికి పొడి ఇస్త్రీ చెయ్యాలె. తడిస్తే గుడ్డ బంతిని పట్టుకుంటది.”

ఓంకార్ బోర్డు వదిలేశాడు. “చెప్పు. ఆట ఆపుతరు.”

“చెప్తే నీ వీసా క్యాన్సిల్. బోర్డు తిప్పు.”

షీబా దెబ్బలకు తడి ఒక లెక్క కాదు. శ్రీవాణి ఒక ఆట గెలిచింది, మూడు ఓడింది. రెండో బంతికే సంగతి తెలిసీ నోరు విప్పలేదు. ఓంకార్ పాయింట్లు తిప్పుతూ పోయాడు.

షీబా కప్పు అందుకోబోతుండగా అతను అడ్డం వెళ్లాడు.

“సాబ్, తప్పు నాది. బల్ల మీద నీళ్లు చల్లిన.”

ఖమరుద్దీన్ సాబ్ గుడ్డను తడిమి, తడి వేళ్ల వంక చూసుకున్నాడు.

“యా అల్లా. పదేండ్ల సంది ఈ క్లబ్బుల ఉన్న. టేబుల్‌కు స్నానం చేపించినోన్ని చూడలే.” వేళ్లు తుడుచుకొని అన్నాడు, “ఇద్దరూ ఒకటే టేబుల్ మీద ఆడిన్రు. గెలుపు గెలుపే. నువ్వే ఒప్పుకున్నవు కాబట్టి కంపెనీకి రాయను. రేపటి సంది సైట్‌కు పో.”

బయట మెట్ల మీద శ్రీవాణి కూర్చుంది. ఓంకార్ రెండు మెట్ల కింద నిలబడ్డాడు.

“ఎందుకు చెప్పినవ్? కప్పు నాకు ఎట్లనూ రాలే. నీ డ్యూటీ పాయె.”

“నువ్వెందుకు చెప్పలే?”

ఆమె చున్నీ కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది.

“సలాలాల మూడు నెలలు తుంపర వానట,” అంది చివరికి. “యూనిఫామ్ ఆరదట. మంచిగ ఇస్త్రీ చేసేటోడు దొరుకుతడో, లేదో.”

ఆ మాట తన గురించేనని తెలియడానికి ఓంకార్‌కు చాలాసేపు పట్టింది. తెలిశాక ఒక మెట్టు పైకెక్కాడు.

“నీళ్లు చల్లచ్చా?”

“బట్టల మీద చల్లు. బల్ల జోలికి పోకు.”

మర్నాడు తెల్లవారగానే ఓంకార్ కంపెనీ కూలీల క్యాంపు ఆఫీసుకు వెళ్లాడు. సలాలా పోర్టు సైట్‌కు మనుషులు కావాలని నెల రోజులుగా గోడకు కాగితం అంటించి ఉంది. దాని మీద ఒక్క పేరూ లేదు. క్యాంపు బాస్ రషీద్ చాయ్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆపేశాడు.

“సలాలాకా? నువ్వే అడిగి పోతున్నవా?”

ఓంకార్ కాగితం మీద మొదటి పేరు తనదే రాశాడు. బస్సు చీటీ తీసుకున్నాడు. మస్కట్‌లోని రువీ బస్టాండులో కిటికీ పక్కన తెల్ల చున్నీ కనిపించింది. ఎక్కాడు. శ్రీవాణి అతన్నీ, అతని చేతిలోని ఇస్త్రీ పెట్టెనూ మార్చి మార్చి చూసింది. ఈసారి తెరిచిన నోరు మూయనిది ఆమె.

పక్క సీట్లో ఉన్న తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఓంకార్ పెట్టెను కాళ్ల దగ్గర సర్దుకొని, అక్కడ కూర్చున్నాడు.