పసుపు కడియం

పెడనలో అందరిలాగే హేమసుందరి కూడా పొద్దున్నే పళ్లు తోముకుంటూ మణికట్టు వైపు చూసుకుంది. కడియం పసుపుగానే ఉంది. నెల రోజులుగా అంతే.

ఊళ్లో వెన్నుకాపు లేని మనిషి లేడు. అది నువ్వుగింజంత యంత్రం. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోని మాంసకృత్తుల్ని రోజూ కొలుస్తుంది. ఒకటి తగ్గి మరొకటి పెరిగితే, మతిమరుపు రాబోతోందని ఇరవై ఏళ్ల ముందే కడియానికి కబురు పెడుతుంది. ఆకుపచ్చయితే నిశ్చింత. పసుపయితే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఆరోగ్యకేంద్రం పాఠం చెబుతుంది: వీరితో వాదించకండి, మనసు కష్టపెట్టకండి, కాదనకండి. మంచి మాటే. మంచి మాటలతోనే కొంపలు మునిగేది మరి.

హేమసుందరికి నలభై ఎనిమిదేళ్లు. ఆమే, తనకన్నా చిన్నదైన తోడికోడలు కోటేశ్వరీ ఇరవై రెండేళ్లుగా కలంకారీ అద్దకం నడుపుతున్నారు. రంగు కాగు దగ్గర ఇద్దరూ పోట్లాడుకోని పూట లేదు. పటిక ఎక్కువైందని ఒకరు, మంట చాలలేదని ఒకరు. "నీకేం తెలుసే, నీ మొహం" అని పెద్దామె అంటే, "నీకు తెలిసి ఏడ్చింది" అని చిన్నామె. వాళ్ల ఎరుపు అంత బాగా పండేది ఆ తగువుల వల్లేనని వీధంతా అనుకునేది.

కడియం రంగు మారిననాటి నుంచి కోటేశ్వరి నోట ఒకటే మాట, "సరే అక్కా."

హేమసుందరికి ఒళ్లు మండింది. ఆ వెనకే భయమూ వేసింది. ఏమన్నా ఎదురు చెప్పేవాళ్లు లేకపోతే, తను పొరబడిందో లేదో తనకు తెలిసేదెలా?

ఆ రోజు కాగులో ఆరు పెళ్లి చీరలు ఎర్రగా ఉడుకుతున్నాయి. పక్కన కుండలో కసిమి ఉంది, ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగు. అది కలిస్తే ఎరుపు చచ్చిపోతుందని ఆ వీధిలో పసిపిల్లకైనా తెలుసు.

"కోటీ, ఆ కసిమి తెచ్చి ఇందులో పొయ్యి," అంది హేమసుందరి.

కోటేశ్వరి చెయ్యి కుండ మీద ఒక్క క్షణం ఆగింది. తిట్టవే తల్లీ, అని పెద్దామె మనసులోనే వేడుకుంది.

"సరే అక్కా."

కుండ ఒంపేసింది. చూస్తుండగానే నీళ్లు బురదరంగుకు తిరిగి, చీరలు నల్లబడ్డాయి.

"తప్పని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసక్కా."

"మరెందుకు పోశావే?"

"నిన్ను కాదనకూడదన్నారు. నీ మనసు కష్టపడితే జబ్బు ముదురుతుందంట." కోటేశ్వరి ఖాళీ కుండ కింద పెట్టింది. "చీరలదేముంది, మళ్లీ అద్దుకుందాం. నువ్వు బాగుంటే చాలు."

"నా మతి పోవడానికి ఇంకా ఇరవై ఏళ్లుందే. నువ్వు ఇవాళే సాగనంపేశావు." హేమసుందరి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఒక్క మాట తిట్టు కోటీ. నీకు దణ్ణం పెడతాను."

కోటేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏదో అనబోయి నోరు తెరిచింది. అంతలో ఆమె చూపు కడియం మీద పడింది.

"సరే అక్కా," అంది.