అల్బీనా చావు కాగితం

సోమవారం ఉదయం 8.10. వైన్ సెల్లార్ మెట్ల కింద ఎనభై ఒక్కేళ్ల అల్బీనా శవం. తల వెనుక దెబ్బ. పక్కన ఇనుప కడ్డీ.

ఏప్రన్ జేబులో ఫోన్. 6.50కి మనవడు ఎరిక్ ఫోన్ నుంచి మెసేజ్: "బాబిత్సా, సెల్లార్ దగ్గరికి రా. మాట్లాడాలి."

రాజధాని లుబ్లియానా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ జ్దెంకాకు కేసు అరచేతిలో పడ్డట్టే అనిపించింది.

"6.50కి ఎక్కడున్నావ్?"

"పెరట్లో. ఇవాళ పందిని కొయ్యాలిగా, నీళ్లు కాగబెడుతున్నా," అన్నాడు ఎరిక్.

"ఫోన్?"

"వంటింటి బల్ల మీద. దానికి లాక్ లేదు."

"చూసినవాళ్లు?"

"ఎవరూ లేరు." చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను పెంచిన నోనాని నేనే చంపుకుంటానా?"

ఇలాంటి ఏడుపులు జ్దెంకా చాలా చూసింది. సాయంత్రానికి వారెంట్ వస్తుంది.

ఎరిక్ బాబాయి కూతురు ష్పేలా రాజధానిలో పెరిగింది. పంది కోతకని నిన్ననే వచ్చింది.

"నేను పైగదిలో నిద్రపోతున్నా మేడమ్. ఇల్లు మా ఇద్దరికీ చెరిసగం రాస్తానంది. వాడికి మండిపోయింది."

11.20. పక్కింటి పావ్లా తలుపు తోసుకొచ్చింది. ఈ ఊళ్లో ఎవరు పోయినా మధ్యాహ్నం గంట కొట్టేలోగా చర్చి బోర్డు మీద చావు కబురు కాగితం పడాలి.

"తర్వాత ఏడుద్దురుగాని. చెరో ముక్కా రాయండి, బాగున్నది అతికిస్తా."

ఎరిక్ రాశాడు: 'మా ప్రియమైన నోనా ఇక లేదు.'

ష్పేలా రాసింది: 'మా ప్రియమైన బాబిత్సా ఇక లేదు.'

పావ్లా రెండో కాగితం నలిపి పారేసింది. "ఏం పట్నం మాటే పిల్లా ఇది? నాయనమ్మని మా ఊళ్లో ఎవరన్నా అలా పిలుస్తారా? నోనా అంటాం!"

జ్దెంకా ఆ నలిగిన కాగితం ఎత్తి విప్పింది. తన నాయనమ్మనూ తను బాబిత్సా అనే పిలిచేది. అందుకే పొద్దున మెసేజ్‌లో ఆ మాట కంటికి ఆనలేదు. ఒక అమాయకుణ్ణి జైల్లో తోయబోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మళ్లీ అల్బీనా ఫోన్ తెరిచింది. రెండేళ్లలో ఎరిక్ పంపినవి 214 మెసేజ్‌లు. ఇవాళ్టిది తప్ప అన్నిట్లోనూ నోనా.

ముగ్గుర్నీ వంటింట్లో కూర్చోబెట్టింది.

"పావ్లా, ఇల్లు ఎవరి పేర రాస్తానంది ఆవిడ?"

"ఎరిక్ పేరనే. ఎల్లుండి సంతకం."

"ఆవిడకు వారసులు మీ ఇద్దరే. ఆవిడ పోయి, ఎరిక్ హంతకుడైతే ఆస్తంతా నీకే ష్పేలా. బల్ల మీది ఫోన్‌తో మెసేజ్ పెట్టావు. కానీ నీకు అలవాటైన పిలుపే రాశావు. ఫోన్ మీది వేలిముద్రలు ల్యాబ్ తేలుస్తుంది."

ష్పేలా నలిగిన తన కాగితం వైపు చూసింది.

"పిలిచినప్పుడల్లా దిద్దేది. 'నోనా అనవే తల్లీ' అని. నేను అనేదాన్ని కాదు."

"తర్వాత?"

"మెట్ల దగ్గర నన్ను చూసి నవ్వింది. 'ఎరిక్ ఫోనైనా, పిలిచింది నువ్వేనని తెలుసులే. అందుకే పరిగెత్తుకొచ్చా. ఏం కావాలమ్మా?' అంది."

ఎరిక్ బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. పావ్లా అతని కాగితం తీసుకుని చర్చి వైపు నడిచింది. అప్పటికి గంట కొట్టడం మొదలైంది.