తొమ్మిదో మంచం ఊపిరి

మూడు రోజులుగా ఖాళీగా ఉన్న తొమ్మిదో మంచం నిమిషానికి నలభై రెండుసార్లు ఊపిరి తీస్తోందని ఆ గురువారం ఉదయం మాలతి కనిపెట్టింది.

మంచానికి వేలాడుతున్న చార్టులో అంకెలు స్పష్టంగా ఉన్నాయి. సోమవారం సాయంత్రం యాభై ఎనిమిది. మంగళవారం అరవై, ఆ తర్వాత అరవై నాలుగు. బుధవారం యాభై ఆరు, నలభై ఎనిమిది. ఈ ఉదయం నలభై రెండు.

కాని ఆ మంచం మీద పిల్లేదీ?

ఏడాదిన్నర దుర్గేశ్వరిని వాళ్ళమ్మ సోమవారం మధ్యాహ్నమే ఎత్తుకెళ్ళిపోయింది. ఇంటి దగ్గర ఇంకో పసిదాన్ని వదిలి వచ్చానంది. న్యుమోనియా తగ్గలేదని ఎంత చెప్పినా వినకుండా కాగితం మీద వేలిముద్ర వేసింది. వాళ్ళ ఫోను అప్పట్నుంచీ స్విచాఫ్. ఆ మూలకి వెళ్ళడానికి మాలతికి మనసొప్పలేదు. వెళ్ళిపోయిన పిల్లల చార్టు కూడా ఐదు రోజులు మంచానికే ఉండాలన్నది వార్డులో పిల్లల ఊపిరి మీద జరుగుతున్న పరిశోధన నియమం. రేపు ఢిల్లీ నుంచి తనిఖీకి వస్తున్నారు కాబట్టి ఇవాళ తప్పక వచ్చింది.

వెనక గుడగుడమని చప్పుడు.

మాలతి గిరుక్కున తిరిగింది. ఖాళీ మంచం పక్కన ఆక్సిజన్ సీసా నీళ్ళలో బుడగలు లేస్తున్నాయి. మర గట్టిగా బిగించింది. బుడగలు ఆగాయి. ఒక్క క్షణం తర్వాత మరొక్కటి, నింపాదిగా, పైకి తేలింది.

బయట రాయపూర్ మీద రాత్రి నుంచీ ఒకటే వాన. పొద్దున్న తొమ్మిదికే వార్డులో లైట్లు వేశారు.

"నాకు ముందే తెలుసు మాలతమ్మా," ఆయా గంగాభవాని గుసగుసలాడింది. "ఆ మంచం ఊపిరి ఆపలేదు. నిన్న దుప్పటి మారుస్తుంటే తలగడ గుంటపడి ఉంది. సచ్! నా కళ్ళతో చూశా."

"నువ్వే కూర్చునుంటావు పిన్నీ, టీ తాగుతూ."

"నేను కూర్చుంటే గుంట తలగడకి పడుద్దా?"

మాలతికి నవ్వొచ్చింది. కాని నేల వైపు చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. గుమ్మం నుంచి మంచం దాకా తడి అడుగులు. వచ్చినవే ఉన్నాయి, వెళ్ళినవి లేవు. ఒక అడుగులో నాలుగైదు వడ్ల ఊక రేకులు అంటుకుని ఉన్నాయి.

ఆస్పత్రిలో ఊకేమిటి?

వార్డులో ఊపిరి లెక్కించేవాళ్ళు ఇద్దరే. మాలతి, మోహనకృష్ణ. మంచానికి అటొకరు, ఇటొకరు కూర్చుని నిమిషం పాటు పిల్లల పొట్ట కదలిక చూస్తూ లెక్కపెట్టాలి. అంకెని నోటితో అనకూడదు. ఎవరి చీటీ మీద వాళ్ళు రాసి డబ్బాలో వెయ్యాలి. రెండూ సరిపోలితేనే చార్టుకెక్కుతుంది. జూన్ నుంచి వాళ్ళిద్దరి పరిచయమంతా ఆ నిశ్శబ్దపు నిమిషాల్లోనే. మొదటి రోజే అతను పొరపాటున "నలభై" అని పైకి అనేశాడు. మాలతి ఉరిమి చూసింది. అప్పట్నుంచీ ఆమె ఎదురుగా అతనికి మాటే రాదు.

డాక్టర్ వెంకటరత్నం చార్టు చూసి కళ్ళజోడు తీశారు.

"లేని పిల్లకి లెక్కలా? దీన్ని దొంగ లెక్క అంటారమ్మా. ఒక్కటి బయటపడితే మూడొందల మంది పిల్లల లెక్కలూ చెత్తబుట్టలోకే. ఏ పిల్లకి ఎప్పుడు ఆక్సిజన్ పెట్టాలో తేల్చడానికి కదా ఇంత చేశాం! ప్రతి కాగితం మీదా నీ సంతకం ఉంది. రేపు పదకొండుకి ఢిల్లీ ఆయనొస్తాడు. నీ ఉద్యోగం నేను కాపాడలేను."

"నేను రాయలేదు సార్."

"మరి ఇతను రాశాడా?"

గుమ్మంలో మోహనకృష్ణ నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

డాక్టరు వెళ్ళాక మాలతి అతన్ని నిలేసింది. "మీకేమైనా తెలుసా?"

"మీరు... ఆ చార్టు ఇవాళే చూశారా?"

"అంటే?"

అతను గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం దాకా ఆగండి. ఇంకో మూడు తగ్గాలి."

"ఏం తగ్గాలి?"

అతను పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. నాలుగు కాగానే గొడుగు కూడా మర్చిపోయి స్టేషన్ వైపు పరుగెత్తాడు. అతని ఇల్లు దేవేంద్ర నగర్. స్టేషన్‌తో అతనికేం పని?

ఊక, స్టేషను. రెండూ కలిపితే మాలతికి ఒకే ఊరు తట్టింది. బియ్యం మిల్లుల ఊరు తిల్దా. దుర్గేశ్వరి తండ్రి అక్కడే మిల్లులో మూటలు మోస్తాడు.

శంకర్ నగర్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, కాస్త ఆలస్యమవుతుంది," అంది.

"వానలో ఎక్కడికే?"

"బతికుందో లేదో చూడ్డానికి."

"ఎవరే?" అని తల్లి అరుస్తుండగానే తిల్దా వెళ్ళే లోకల్ రైలు కదిలింది.

కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. పెట్టె చక్రాల చప్పుడుని మాలతి తనకి తెలియకుండానే లెక్కపెట్టసాగింది. పిల్ల పోయి ఉంటే? ఆ అంకెలు మోహనకృష్ణ పిచ్చితో రాసినవైతే? అతను దొంగ అని తేలడం కంటే ఆ ఆలోచనే ఆమెని ఎక్కువ భయపెట్టింది. అతను దొంగ కాకూడదని ఇంత గట్టిగా ఎందుకు కోరుకుంటోందో కూడా అప్పుడే అర్థమై, ఒళ్ళు మండింది.

ఆస్పత్రి కాగితాల్లోని చిరునామా పట్టుకుని వెళ్తే, మిల్లు వెనక కూలీల గదుల వరుస. తడిసిన ఊక గుట్టల్లోంచి పొగలా ఆవిరి లేస్తోంది. వరుసంతా చడీచప్పుడు లేదు. చివరి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నులక మంచం, మంచం మీద కదలని చిన్న మూట. పక్కన ఎవరో తల వంచుకుని కూర్చుని ఉన్నారు.

మాలతి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ మనిషి చెయ్యెత్తాడు, మాట్లాడొద్దన్నట్టు. చేతికి గడియారం. మోహనకృష్ణ!

దుప్పటి కదిలింది. పైకి, కిందికి.

మాలతి లోపలికెళ్ళింది. మంచానికి ఇటు వైపు కూర్చుంది. అతను గడియారం చూసి, మళ్ళీ మొదలుపెడదామన్నట్టు తలూపాడు. నిమిషం గడిచింది. ఇద్దరూ చీటీలు రాసి ఒకరికొకరు ఇచ్చుకున్నారు.

ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది.

"నోనీ అబ్ బనే హే," అంది మూల కూర్చున్న తల్లి, రెండో పిల్లని జోకొడుతూ. పాప ఇప్పుడు బాగుందట. ఈ బాబే రోజూ ఊళ్ళో డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళి సూది వేయించాడట.

మాలతికి కళ్ళు మసకబారాయి. వెంటనే కోపం వచ్చింది.

"ఈ మాట నోటితో చెప్పడానికేం? పొద్దున్నే నా ప్రాణం పోయింది!"

"మీకు తెలుసనుకున్నానండీ. బుధవారం నన్ను చూసి నవ్వారు కదా, చార్టు చూశారనుకున్నా."

"మీరు చొక్కా తిరగేసి వేసుకొచ్చారు. అందుకు నవ్వాను!"

అతను సిగ్గుతో తల దించుకున్నాడు. తిల్దా స్టేషన్లో పనిచేసే మావయ్య సత్తిరాజు క్వార్టర్లో మూడు రాత్రులుగా పడుకుంటున్నాడు. చీకట్లో లేచి, పిల్లని చూసి, లోకల్ పట్టుకుని, అందరికంటే ముందే వార్డు చేరుతున్నాడు.

"తలగడ మీద గుంట?"

"నా సంచీ అండీ. రాసేటప్పుడు దాని మీద పెట్టాను. వెళ్ళేముందు కాళ్ళు తుడుచుకున్నా కూడా."

మాలతి బ్యాగులోంచి ఒక ఫారం తీసి అతని ముందు పెట్టింది. పరిశోధనలో నియమం తప్పినప్పుడు నింపే కాగితం.

"రాయండి. రేపు ఢిల్లీ ఆయన చేతికిస్తాను. మీ ఉద్యోగం పోవచ్చు."

"నా తప్పే కదా," అన్నాడు. వెలుతురు కోసం గుమ్మంలో కూర్చుని చాలాసేపు రాశాడు. వాన సన్నబడింది. మాలతి కాగితం అందుకుని చదివింది.

"జరిగిన తప్పు: ఇంటి దగ్గర తీసిన ఊపిరి లెక్కల్ని వార్డు చార్టులో ఎక్కించాను. ఆరూ నేనొక్కణ్ణే తీశాను. మాలతిగారికి తెలియదు. మిగతా లెక్కలన్నీ సరైనవే. ఈ ఆరూ కొట్టెయ్యండి.

కారణం: పిల్ల వెళ్ళిపోయిన రోజు ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ, ఊపిరి తీస్తోందో లేదో అన్నారు. తీస్తోందని చెప్పాలనిపించింది. కాని మా ఇద్దరికీ మాటలు లేవు, అంకెలే ఉన్నాయి. అందుకే ఆవిడ చూస్తారని చార్టులో రాశాను. మంగళవారం అరవై నాలుగు చూశాక, పిల్లకి నయమవుతుందని నోటితో చెప్పి, ఆపైన ఏమైనా అయితే ఆవిడ తట్టుకోలేరని భయపడ్డాను. నలభై దిగితే గండం గడిచినట్టే, అప్పుడు చెబుదామని ఆగాను.

మళ్ళీ జరగకుండా తీసుకునే చర్య: ఇకమీదట ఆవిడతో నోరు తెరిచి మాట్లాడతాను. మొదటి మాట ఇదే. మంచానికి అటు ఆవిడ, ఇటు నేను కూర్చునే ఆ నిమిషం నాకు చాలడం లేదు. ఒప్పుకుంటే జన్మంతా కావాలి."