పరీక్షలయ్యేదాకా

నాచారంలోని ఆ డిగ్రీ కాలేజీలో శనివారం మధ్యాహ్నం ల్యాబ్ పక్క గది అమ్మాయిలది. ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పల్లెటూరి పిల్లలు అక్కడ కూర్చుని హాస్టల్ బెంగ, ఇంగ్లీషు భయం, ఇంట్లో నడిచే పెళ్లి మాటలు చెప్పుకుంటారు. గ్రూపు నడిపేది ఫైనలియర్ రాజశ్రీ.

ఒక శనివారం ప్రొజెక్టర్ కోసమని ఆ గది తలుపు తోసిన, అదే కాలేజీలో చదివే ఉపేందర్‌కు మొదటి రోజే ఆమె చేత అక్షింతలు పడ్డాయి.

"లోపల పిల్ల ఏడుస్తుంది, కనబడతలేదా? తర్వాత తీస్కపో."

ప్రొజెక్టర్ అక్కడే వదిలేశాడు. ఆమె కళ్లలోని కోపాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

ఒక వానరోజు ఉప్పల్ మెట్రో మెట్ల కింద ధైర్యం చేసి మనసు విప్పాడు. రాజశ్రీ వాన వంకే చూస్తూ, ఊళ్లలో తల్లులు తన గ్రూపును నమ్మి ఆడపిల్లల్ని పంపారని, నడిపేదే ఒక పోరగాడితో కనబడితే రేపే బట్టలు సర్దించి తీసుకుపోతారని చెప్పింది.

"మరి నేనంటే ఇష్టం లేదా?"

"అది అడగకు. పరీక్షలయ్యేదాక నా పక్కన నిలబడకు."

నిలబడలేదు. ఆమె ఎక్కే బస్సు వదిలేసి తర్వాతి బస్సెక్కేవాడు. క్యాంటీన్‌లో ఆమె టీ తాగి లేచాకే వెళ్లి అదే బల్ల దగ్గర కూర్చునేవాడు. మబ్బు పట్టి కురవని రోజులా ఉండేది అతని బతుకు.

అయినా, మెట్రో కింద చూసినవాళ్లెవరో ఆ కబురు ఊరిదాకా మోశారు. ఒక శనివారం జూనియర్ దీప తల్లి మల్లవ్వ బిడ్డను తీసుకుపోదామని వచ్చేసింది. వరండాలో వస్తున్న ఉపేందర్ స్తంభం చాటున ఆగిపోయాడు.

"పిలగానితోని తిరుగుతున్నవంట, నిజమేనా బిడ్డా?" అని గది ముందు మల్లవ్వ రాజశ్రీని నిలదీసింది.

పక్కన దీప ఏడుపు మింగుతోంది. ఆ పిలగాడెవరో ఎరుకే లేదని ఒక్క మాటంటే గండం గడిచిపోతుంది. రాజశ్రీ అనలేదు.

"తిరగలేదు చిన్నమ్మా. ఒక్కసారి మాట్లాడిన, అంతే. గానీ ఆయనంటే నాకు పానం. అది నా సంగతి. దానికి దీప సదువు ఆపకు."

అడిగినవాడికి దాచిన మాట అది. ఉపేందర్ స్తంభం చాటు నుంచి తల బయటికి పెట్టాడు.

మల్లవ్వ పట్టుకున్న దీప చెయ్యి వదిలింది.

"ఆ పిలగాడెవరో ఎరుక లేదని అబద్ధమాడితే నా పిల్లను గుంజుకపోతుంటి. గింత నిజం జెప్పేదాని కాడుంటే నా బిడ్డ ఖరాబ్ గాదు."

దీపను లోపలికి పొమ్మంది. రాజశ్రీ చూపు మాటిమాటికీ ఎటు జారుతోందో ఆమె అప్పటికే కనిపెట్టింది. స్తంభం వైపు తిరిగింది.

"ఇగ దాసుకున్నది సాలు, రా కొడుకా. నన్ను ఉప్పల్ల బస్సెక్కించి రా. నీ సంగతేందో తొవ్వల అడుగుత."

ఉపేందర్ తల వంచుకుని ఇవతలికి వచ్చాడు. వరండా నిండా అమ్మాయిలు చూస్తున్నారు. రాజశ్రీ అతని మీంచి చూపు తిప్పుకోలేదు.