నూటికి తొంభై ఆరు

గౌరునాయుడి ఎడమ చెయ్యి బల్ల మీద గ్లాసుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

"ఇంతేనేటి నాయుడన్నా?" అంది సలోమి, ఎదురుగా స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుని. "గ్లాసు దాకా రాలేని చెయ్యి, పదకొండు కేవీ లైను ఎలాగ లాగిందయ్యా? కరెంటు స్తంభాలెక్కానని వదిన దగ్గర ఉత్తినే కోతలు కోసుంటావు."

నాయుడి ముఖం ఎర్రబడింది. పక్షవాతం వచ్చిన నోరు ఒక పక్కకి లాగుతుండగా, "పో... పోవే... రాకాసీ!" అన్నాడు. ఆ కోపంలో భుజం కదిలింది. మోచెయ్యి కదిలింది. వేళ్లు పాకుతూ పోయి గ్లాసుని తాకాయి. ఎత్తి ఆవిడ మీదకి విసరాలని అతని కోరిక. విసరలేకపోయాడు గానీ నీళ్లు మాత్రం ఒలికాయి.

"అద్దీ! మొన్నటికంటే రెండు వేళ్లు ముందుకొచ్చింది," అని సలోమి సుద్దముక్కతో బల్ల మీద గీత గీసింది. ఆ బల్ల మీద అప్పటికే పదిహేడు గీతలున్నాయి.

నాయుడి కుడి మణికట్టు మీది పట్టీ ఎర్రగా వెలిగింది.

ఆ పట్టీ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఇది రెండువేల నలభై ఏడు నాటి విజయనగరం. మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లకి సేవా కేంద్రం నుంచి సేవికలు వస్తారు. ఒళ్లు తుడుస్తారు, అన్నం పెడతారు, మందులు వేస్తారు. మరి ఆ సేవ బాగుందో లేదో తెలిసేదెలా? మొదట్లో ఒక కాగితం ఇచ్చి అడిగేవారు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "బాగానే చూస్తోందమ్మా, చల్లగా ఉండాలి." అన్నం కలిపి పెట్టే మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే ఆవిడ మీద చెడ్డ మాట ఎవరంటారు? ఒకావిడ వీపంతా పుళ్లు పడి చనిపోయింది. ఆవిడ కాగితం మీదా అదే మాట ఉంది, "బాగానే చూస్తోంది" అని.

ఆవిడ దగ్గరకి ఆఖరి రోజున వెళ్లిన డాక్టరు మందాకిని. నోరు చెప్పలేనిదాన్ని ఒంటినే అడగాలి అనుకుని, నాలుగేళ్లు కూర్చుని ఈ పట్టీ తయారుచేసింది. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మణికట్టు మీద రెండు వేళ్లు ఆనిస్తే నాడి తెలుస్తుంది కదా. భయం వేసినా కోపం వచ్చినా అది గబగబా కొట్టుకుంటుంది, చర్మం మీద సన్నగా చెమట పడుతుంది. సేవిక ఇంట్లో ఉన్నంతసేపూ పట్టీ ఈ రెండూ కొలుస్తూ, మనిషి నెమ్మదిగా ఉంటే ఆకుపచ్చగా, కలత పడితే ఎర్రగా వెలుగుతుంది. ఆ మనిషి ఎంత నెమ్మదిగా ఉన్నాడో చూసి, సేవికకి నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. మొదటి ఏడాదే, రోగుల మీద చెయ్యి చేసుకునే పదకొండు మంది దొరికిపోయారు. కాబట్టి దీన్ని చెడ్డ యంత్రం అనడానికి వీల్లేదు.

మూడు నెలల సగటు యాభైకి తగ్గితే సేవికని ఆ ఇంటి నుంచి తప్పిస్తారు. సలోమికి మొదటి నెల ముప్ఫై ఒకటి, రెండో నెల ఇరవై తొమ్మిది వచ్చాయి.

ఆ సంగతి చెప్పడానికి మందాకిని స్వయంగా వచ్చింది. నాయుడి భార్య పైడమ్మది బస్సుల చార్జింగ్ డిపోలో పని. ఆ పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది.

"ఆ పిల్ల తిడితేనే ఈయన మనిషిలా ఉంటాడమ్మా," అంది పైడమ్మ. "ఇంతకు ముందు ఇద్దరొచ్చారు. పల్లెత్తు మాట అనేవోరు కాదు. బస్తాని దొర్లించినట్టు దొర్లించి ఎల్లిపోయేవోరు. ఈయన గోడకేసి చూస్తూ పడుండేవోడు."

"కోపమొస్తేనే చెయ్యి లేస్తందండి," అంది సలోమి. "ఫిజియో సారు ఏటన్నారు? ఏడాదిలోపు కదిలినంతే కదలడం, ఆ తరవాత కష్టం అన్నారు. పక్షవాతమొచ్చి పది నెలలైపోయింది. నాకు మార్కులు చూసుకునే టైము లేదండి."

మందాకిని ఓపికగానే విన్నది. బల్ల మీద గీతలు కూడా చూసింది. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు సలోమీ. కానీ ఆ పదకొండు మందీ నాతో ఇదే అన్నారు, రోగుల మంచికే అరిచామని. నీకు మినహాయింపు ఇచ్చి, రేపు వాళ్లని ఏమని కాదనగలను? ఒళ్లు అబద్ధం ఆడదమ్మా. నేను నమ్మేది అదొక్కటే."

నాయుడికి కదలడమే కష్టం గానీ వినడం కష్టం కాదు. అన్నీ విన్నాడు.

లెక్క చిన్నదే. ముప్ఫై ఒకటీ ఇరవై తొమ్మిదీ కలిపితే అరవై. మూడు నెలలకి సగటు యాభై రావాలంటే మొత్తం నూట యాభై కావాలి. అంటే మూడో నెలలో తొంభై తెచ్చుకోవాలి.

"ఈ ఒక్క నెలే అన్నా," అంది సలోమి డాక్టరు వెళ్లాక. "నోరు మూసుకుంటాను. నువ్వూ కోపం తెచ్చుకోకు. నెల గడిస్తే మళ్లీ తిట్టుకుందాం."

నాయుడు తల ఊపాడు.

మర్నాటి నుంచి సలోమి గుమ్మంలో అడుగు పెట్టగానే అతను కళ్లు మూసుకునేవాడు. సబ్‌స్టేషన్ నుంచి గంట్యాడ దాకా తాను ఎక్కిన స్తంభాలన్నీ మనసులో ఒక్కొక్కటే లెక్కపెట్టేవాడు. నాడి నిదానించేది. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టడం మానేసింది. తానే నోటికి అందించి, "నీళ్లు తాగండి నాయుడు గారూ," అనేది. మొదటిసారి ఆ "గారూ" విన్నప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టీ పసుపు రంగులోకి వచ్చింది. అతను గబగబా స్తంభాలు లెక్కపెట్టుకున్నాడు. పట్టీ మళ్లీ ఆకుపచ్చకి తిరిగింది.

మూడో వారానికి అతని వేళ్లు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. పైడమ్మ కొబ్బరినూనె రాసి విప్పబోతే రాలేదు. "ఓలమ్మా, బిగిసిపోతన్నాయే," అంది. సలోమి దగ్గరకొచ్చి ఆ వేళ్లు పట్టుకుంది. లాగితే నొప్పి, నొప్పి పెడితే ఎరుపు. వదిలేసింది.

"ఇంక తొమ్మిది రోజులే వదినా," అని మాత్రం అంది.

నెలాఖరుకి తొంభై ఆరు వచ్చింది. ఆ ఊళ్లో అంతవరకూ ఎవరికీ రాని మార్కు అది.

మందాకిని స్వీటు డబ్బా పట్టుకుని వచ్చింది. గుమ్మం దాటుతూనే సలోమి చెయ్యి పట్టుకుంది. "ఇరవై తొమ్మిది నుంచి తొంభై ఆరు! నేను నమ్మలేకపోయాను. రేపటి నుంచి నువ్వు సేవికవి కాదు, శిక్షకురాలివి. రెండువందల నలభై మందికి నీ పద్ధతి నేర్పాలి."

సలోమి చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా పద్ధతా? అది నా పద్ధతి కాదండి. ఇద్దరం నటించామండి. ఆయన చెయ్యి చూడండి, ఏటైపోయిందో! నన్ను ఇక్కడే ఉంచండి, మీకు దండం పెడతాను."

"నోరు నటిస్తుంది గానీ ఒళ్లు నటించలేదమ్మా," అంది మందాకిని నవ్వుతూ. "భయపడుతున్నావు, అంతే. ఇంత మంచి సేవ ఒక్క ఇంటికే ఉంచేస్తే మిగతా వాళ్లకి అన్యాయం కదూ? ఇక్కడికి రేపు వేరే అమ్మాయి వస్తుంది. ఆర్డరు కూడా వచ్చేసింది."

"వ... వద్దు," అన్నాడు నాయుడు.

ఎవరూ వినలేదు. అతను సలోమి చీర కొంగు పట్టుకుని ఆపాలనుకున్నాడు. ఆవిడ నిలబడింది ఎడమ వైపున. ఒంట్లో ఉన్న కోపమంతా కూడదీసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. భుజం ఒక్కసారి ఎగిరి పడింది. మోచెయ్యి కదల్లేదు. ముడుచుకున్న పిడికిలి దుప్పటి మీద అలాగే ఉండిపోయింది.

పట్టీ ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది.

మందాకిని అది చూసి మంచం దగ్గరకి వచ్చింది. ఆ పిడికిలి మీద మెత్తగా తట్టింది.

"కంగారు పడకండి నాయుడు గారూ. ఇవాళ్టి రీడింగు నేను తీసేయిస్తాను. పాపం, అమ్మాయి సగటు చెడిపోకూడదు కదా."