బతికున్న మనిషికి దండ

ఉప్మాలోకి జీడిపప్పు వేయిస్తున్న సాయిలక్ష్మి హాల్లోని టీవీ వైపు తల తిప్పి, చేతిలో గరిటె వదిలేసింది. తెరమీద తన మొగుడు సూర్యారావు ఫోటో. ఫోటోకి దండ, ముందు దీపం. ఆ మొగుడేమో ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు!

అది ఇనుప చువ్వల కంపెనీ ప్రకటన, రాయ్‌పూర్ లోకల్ ఛానల్లో. "నాన్న లేరు. నాన్న కట్టిన ఇల్లుంది," అని హిందీలో ఓ ఆడగొంతు వణికింది. రాసింది కూతురు వీణ. శంకర్ నగర్ యాడ్ ఆఫీసులో ఆమెకు దక్కిన మొదటి పని.

"వీణా! ఇలా రావే! మీ నాన్నని ఎప్పుడు చంపేశావే?"

తల తుడుచుకుంటూ వచ్చింది వీణ. "షూటింగ్‌కి తెచ్చిన ఫోటో బాలేదమ్మా. నా ఫోన్లో ఉన్న నాన్న ఫోటో ప్రింట్ తీయించాం. అర సెకనే కనిపిస్తుంది."

"అర సెకను చస్తే చావు కాదేటే?"

"అది టెక్నిక్ అమ్మా. ముందు ఖాళీ కుర్చీ చూపిస్తాం, తర్వాత కొక్కేనికి చొక్కా. ఏం జరిగిందో చెప్పం. దండ చూశాక మిగతా కథ చూసేవాళ్లే అల్లుకుంటారు. కళ్లు చెమర్చినప్పుడు కంపెనీ పేరు వేస్తే ఇక మర్చిపోరు."

"ఏడిపించి ఇనుము అమ్ముతారా? సిగ్గులేదూ! సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర మాడి వచ్చిన మనిషే ఆయన. షిఫ్టు దిగి గుమ్మంలో అడుగు పెట్టేదాకా నా ప్రాణం నా దగ్గరుండేది కాదు. ఆ భయాన్ని బజార్న పెట్టావు. బస్, చాలు, ఆపించెయ్!"

"ఆపిస్తే నా ఉద్యోగం పోతుంది!"

"పోనిద్దూ," అన్నాడు సూర్యారావు భార్యతో. "చచ్చాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంట."

"మీరూరుకోండి!" అని మొగుడి మీద కూడా విరుచుకుపడింది సాయిలక్ష్మి.

లోపల ఫోన్ మళ్లీ మోగి మోగి ఆగింది. ముందు టీవీ మోతలో, ఇప్పుడు ఆ అరుపుల్లో ఎవరూ ఎత్తలేదు. గొడవ ఇంకా తెమలకముందే గేటు దగ్గర ఆటో ఆగింది.

"తమ్ముడా! చెప్పకుండా ఎలిపోయావురా!"

గంట ప్రయాణం దూరంలో ఆరంగ్‌లో ఉండే సూర్యారావు అక్క రంగనాయకమ్మ. గుండెలు బాదుకుంటూ వచ్చి, గుమ్మంలో తమ్ముణ్ణి చూసి నిలబడిపోయింది. అతని మొహం తడిమింది. ఆ తర్వాత చెంప పగలగొట్టింది.

"తెల్లారే టీవీలో దండ చూసి, దారంతా ఎన్నిసార్లు ఫోన్ చేశాను! ఒక్కరూ ఎత్తరేటి? శ్మశానానికి తీసుకెళ్లిపోయారనుకున్నాన్రా!"

బతికే ఉన్నాడని తెలిశాక కూడా ఆమె ఏడుపు ఆగలేదు. ముక్కు కారుతోంది, పైట జారిపోయింది, ఊపిరి అందడం లేదు. ప్రకటనలో అమ్మాయి ఇలా ఏడవలేదు. వీణ ఆఫీసుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"అరె వాహ్! ఆరంగ్ నుంచి పరిగెత్తుకొచ్చిందా?" బాస్ నవ్వు అందరికీ వినిపించింది. "అయితే యాడ్ అదిరిందన్నమాట!"

వీణ మొహం పాలిపోయింది. తన టెక్నిక్ అనుకున్నట్టే పనిచేసింది మరి.

"ఇప్పుడే ఆపేయండి సార్. లేకపోతే బతికున్న మా నాన్నని తీసుకుని ఛానల్ ఆఫీసుకే వస్తాను. నా ఉద్యోగం మీ ఇష్టం."

ఫోన్ పెట్టేసి రంగనాయకమ్మ కాళ్ల దగ్గర కూలబడింది. "నిన్ను ఏడిపించాలని కాదత్తా..."

"మరెవర్ని ఏడిపిద్దామనే?" అంది రంగనాయకమ్మ ఎగశ్వాసతో.

వీణ మేనత్త ఒళ్లో తల దాచుకుని భోరుమంది. సాయిలక్ష్మికి సగం కోపం దిగింది. మిగతా సగం దిగకుండానే వంగి, కూతుర్ని లేపి గుండెకు హత్తుకుంది.